ఏఐ చేసిన హోంవర్కు, ఏఐ లేని పరీక్ష: మధ్యలో పిల్లలు నేర్చుకుంటున్నది ఎంత?

లెక్కల టీచర్

ఉన్నత పాఠశాల తరగతులకు గణితం చెబుతాను. ఈ మధ్య హోంవర్కు పుస్తకాలు దిద్దుతుంటే ఎర్ర సిరాకు పని ఉండటం లేదు. త్రికోణమితి రుజువులు గైడులో అచ్చు వేసినట్టు వస్తున్నాయి. అదే పుస్తకం తెచ్చిన పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు ఎలా వచ్చావని అడిగితే నోరు పెగలదు. దాచాలని కూడా ఎవరూ అనుకోవడం లేదు. ఏఐని అడిగి రాశామని వాళ్లే చెబుతున్నారు.

నిషేధించాలా వద్దా అన్న వాదన చాలా విన్నాను. నా ప్రశ్న వేరు. ఏఐ పక్కన ఉండగా లెక్కలన్నీ చేసుకుపోయిన విద్యార్థికి, అది లేనప్పుడు ఎంత మిగులుతోంది? అభిప్రాయాలు వద్దు. ఎవరైనా కొలిచి చూశారా?

విద్యా పరిశోధకుడు

కొలిచారు మాస్టారూ. సరిగ్గా ఈ ప్రశ్నతోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలోని ఒక ఉన్నత పాఠశాలలో ప్రయోగం చేశారు. ఫలితాలు 2024లో బయటికి వచ్చాయి. దాదాపు వెయ్యి మంది విద్యార్థులు, సబ్జెక్టు గణితమే. కొన్ని తరగతులకు పుస్తకం, నోట్సు మాత్రమే ఇచ్చారు. కొన్నింటికి జీపీటీ-4 అనే ఏఐని మామూలు చాట్ రూపంలో ఇచ్చారు. మిగిలినవాటికి అదే జీపీటీ-4ను కట్టడి చేసి ఇచ్చారు: జవాబు నేరుగా చెప్పకూడదు, సూచనలు మాత్రమే ఇవ్వాలి. ఒక్కో లెక్కలో పిల్లలు మామూలుగా ఎక్కడ పొరబడతారో టీచర్లు ముందే దానికి రాసి పెట్టారు.

సాధన చేసేటప్పుడు మామూలు చాట్ వాడినవాళ్లు పుస్తకం వాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. కట్టడి చేసిన ఏఐ వాడినవాళ్లు 127 శాతం మెరుగు. ఆ తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్ వాడినవాళ్ల మార్కులు, ఏఐ ముఖమే చూడనివాళ్లకంటే 17 శాతం తక్కువ వచ్చాయి. తాము తక్కువ నేర్చుకున్నామని ఆ పిల్లలకు అనిపించను కూడా లేదు.

సాహిత్య అధ్యాపకురాలు

వాపు చూసి బలుపు అనుకోవడం.

లెక్కల టీచర్

కట్టడి చేసిన ఏఐ వాడినవాళ్లకు పరీక్షలో ఎన్ని వచ్చాయో మీరు చెప్పలేదు.

విద్యా పరిశోధకుడు

పుస్తకం వాళ్లతో దాదాపు సమానం. నష్టం చాలావరకు తప్పింది, అంతే.

లెక్కల టీచర్

మరి ఆ 127 శాతం ఎటు పోయింది? జవాబు చెప్పని ఏఐని తయారు చేస్తే చాలు, పిల్లలు బాగుపడతారని ప్రతి సమావేశంలోనూ చెబుతున్నారు. మీరు చెప్పిన దాని ప్రకారం, అంత జాగ్రత్తగా తయారు చేసినా చివరికి మిగిలింది పాత పుస్తకంతో సమానమైన చదువే.

విద్యా పరిశోధకుడు

ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. సాధన చేస్తున్నప్పుడు కనిపించే పనితనం వేరు, కొన్ని రోజుల తర్వాత మిగిలే చదువు వేరు. ఈ తేడా ఏఐ కంటే చాలా పాతది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు. మరికొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, మూసి రాసినవాళ్లు ముందుకు వచ్చారు. చదువుతున్నప్పుడు హాయిగా అనిపించిన పద్ధతి, గుర్తుండటానికి పనికి రాలేదు. కష్టపెట్టే పద్ధతే నిలబడింది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ బ్యోర్క్ వంటివారు 1990ల నుంచి చెబుతున్నది ఇదే: కొన్ని రకాల ఇబ్బందులు చదువుకు అవసరం.

ఏఐ ఆ ఇబ్బందినే తీసేస్తోంది. లెక్క దగ్గర ఆగిపోయి ఏ సూత్రం వాడాలా అని వెతుక్కునే ఆ కొద్ది నిమిషాల్లోనే నేర్చుకోవడం జరుగుతుంది. సరిగ్గా అప్పుడే చేయి ఫోను మీదికి వెళుతుంది.

ప్రోగ్రామర్

ఒక్క ప్రయోగం పట్టుకుని తీర్పు చెప్పకండి. 2023లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం మొదటి స్థాయి కోర్సులో 194 మంది విద్యార్థులతో ఇంకో ప్రయోగం జరిగింది. అక్కడ ఏఐ ట్యూటర్‌తో పోటీ పడింది మామూలు ఉపన్యాసం కాదు, విద్యార్థుల చేత పని చేయిస్తూ బాగా నడిపిన తరగతి. అయినా ఏఐతో చదివినవాళ్లు తక్కువ సమయంలో రెండింతలకు పైగా నేర్చుకున్నట్టు తేలింది. ఆ ఏఐకి కూడా ప్రతి ప్రశ్నకూ సరైన సాధన, మెట్టు మెట్టుగా, అధ్యాపకులే ముందుగా ఇచ్చి ఉంచారు.

కాలిక్యులేటర్ వచ్చినప్పుడూ ఇంతే గగ్గోలు. 1986లో హెంబ్రీ, డెసార్ట్ అనే పరిశోధకులు 79 అధ్యయనాలను కలిపి చూశారు. మామూలు బోధనతో పాటు కాలిక్యులేటర్ వాడితే చేతి లెక్కలు దెబ్బతినడం లేదని, చాలా తరగతుల్లో మెరుగుపడ్డాయని తేల్చారు.

విద్యా పరిశోధకుడు

అదే అధ్యయనంలో నాలుగో తరగతి ఒక్కటే మినహాయింపు అని కూడా ఉంది. ఆ వయసులో కాలిక్యులేటర్ వాడకం ప్రాథమిక నైపుణ్యాలకు అడ్డుపడినట్టు కనిపించింది. గుణకారం చేతికి ఇంకా పూర్తిగా పట్టుబడని వయసు అది. హార్వర్డ్ విద్యార్థులు ఎవరో కూడా చూడాలి కదండీ. చదవడం ఎలాగో ముందే నేర్చుకుని వచ్చినవాళ్లు.

ప్రోగ్రామర్

ఒప్పుకుంటాను. అయితే ఇంకోటి కూడా చూడండి. ప్రతి విద్యార్థికీ విడిగా ఒక ఉపాధ్యాయుడు ఉంటే చదువు ఎంత పెరుగుతుందో 1984లోనే బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా మనస్తత్వవేత్త రాశారు. అంతమంది ఉపాధ్యాయులను ఏ దేశమూ పెట్టలేదు కాబట్టి అది కలగానే మిగిలింది. ఆ లోటు తీర్చే అవకాశం ఉన్న పరికరం ఇప్పుడు చేతికి వస్తే, దాన్ని దొంగలా చూడటం నాకు నచ్చడం లేదు.

విద్యా పరిశోధకుడు

బ్లూమ్ చెప్పిన లాభం మరీ పెద్దది. 2011లో వాన్‌లెన్ అనే పరిశోధకుడు పాత అధ్యయనాలను సమీక్షిస్తే, మనిషి ట్యూటర్ వల్ల కలిగే లాభం అందులో సగానికంటే తక్కువే తేలింది. విశేషం ఏమిటంటే, అప్పటి కంప్యూటర్ ట్యూటర్లు, అంటే ఈ చాట్ యంత్రాలకు ఎంతో ముందువి, మనుషులకు దాదాపు సమానంగా నిలబడ్డాయి. వాటికి పరిమితులు చాలా ఉండేవి. ఒక్కో మెట్టునూ విద్యార్థి చేత వేయించేవి తప్ప, అడగగానే మొత్తం సాధన రాసి ఇచ్చే తెలివి వాటికి లేదు. లేకపోవడమే మేలు చేసిందేమో.

డిగ్రీ విద్యార్థిని

ఇక్కడ మాట్లాడుతున్నవాళ్లంతా పెద్దవాళ్లే కాబట్టి నేను కూడా రెండు మాటలు చెబుతాను. తరగతిలో చెయ్యి ఎత్తి “సార్, అర్థం కాలేదు” అనడం మీరు అనుకున్నంత తేలిక కాదు. ఒకసారి అడిగితే చెబుతారు. రెండోసారి అడిగితే చూపు మారుతుంది. మూడోసారి వెనక బెంచీలు నవ్వుతాయి. ఏఐ విసుక్కోదు. ఒకే సందేహాన్ని ఎన్నిసార్లయినా, ఎంత తెలివితక్కువగానైనా అడగవచ్చు. సంభావ్యతలో షరతుతో కూడిన సంభావ్యత నాకు అలాగే అర్థమైంది. పాఠ్యపుస్తకంలోని వాక్యం ఒక్కటి తీసుకుని, ఇది ఎందుకు నిజం, ఎప్పుడు నిజం కాదు అని అడుగుతూ పోయాను.

జవాబులు అడగడం మా తరగతిలో అందరూ చేస్తారు, కాదనను. నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం తిరగేసి వాడటం. అధ్యాయం చదివాక “నేను చెబుతాను, నువ్వు పరీక్షకుడిలా ప్రశ్నలు వెయ్యి, నేను తప్పు చెబితే వెంటనే సరిదిద్దకుండా ఇంకో ప్రశ్న వెయ్యి” అని రాస్తాను. నిజం చెప్పాలంటే ఇది చాలా అలసట. అందుకే ఎవరూ చేయరు.

విద్యా పరిశోధకుడు

అలసట అన్నారు చూడండి, అదే లక్షణం. సరైన దారిలోనే ఉన్నారు.

లైబ్రేరియన్

లెక్కలలో తప్పు దొరికిపోతుంది. చరిత్రలో, సామాజిక శాస్త్రంలో దొరకదు. నా దగ్గరికి విద్యార్థులు పుస్తకాల జాబితా పట్టుకుని వస్తారు. రచయిత పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది, పుట సంఖ్య కూడా ఉంటుంది. ఆ పుస్తకం మాత్రం ప్రపంచంలో ఏ గ్రంథాలయంలోనూ ఉండదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. చదువుకుని వృత్తిలో ఉన్నవాళ్లే అలా నమ్మితే పదో తరగతి పిల్లవాడి మాట ఏమిటి? ఇది ఇంత ధీమాగా అబద్ధం ఎందుకు చెబుతుందో ప్రోగ్రామర్ గారు చెబుతారా?

ప్రోగ్రామర్

దానికి అబద్ధం, నిజం అన్న తేడా మనకు తెలిసినట్టు తెలియదండీ. ఇంతవరకు వచ్చిన పదాల తర్వాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతుంది. పుస్తకాల జాబితా ఎలా కనిపిస్తుందో దానికి బాగా తెలుసు. అందుకే జాబితా రూపం తప్పు పోదు, లోపలి సరుకు కల్పితం కావచ్చు. ఎక్కువ మంది ఎక్కువ సార్లు రాసిన విషయం అడిగితే సాధారణంగా సరిగ్గానే చెబుతుంది. అరుదైన విషయం అడిగినప్పుడు ఖాళీని అదే ధీమాతో నింపుతుంది. వెబ్‌లో వెతికి చెప్పే ఏర్పాటు ఉన్నవి కొంత నయం, కానీ మూలం తెరిచి చూడక తప్పదు. ఇంగ్లిష్ కాని భాషల్లో అడిగితే జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ కావాలి, ఎందుకంటే అవి చదివిన పాఠంలో ఆ భాషల వాటా తక్కువ.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

ఇన్ని చిక్కులున్నప్పుడు బడి అయిపోయేదాకా దీన్ని దూరం పెడితే సరిపోదా? పెన్ను, కాగితం, నిఘాలో పరీక్ష. మా కాలంలో చదువులు రాలేదా?

ప్రోగ్రామర్

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. 2023 జనవరిలో న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు దాన్ని తమ నెట్‌వర్కులో నిషేధించాయి. మే నెలకల్లా ఆ నిషేధాన్ని వదులుకున్నాయి. బడిలో ఆపితే ఇంట్లో వాడతారు. ఇంట్లో సదుపాయం ఉన్నవాడు మాత్రమే వాడతాడు.

డిగ్రీ విద్యార్థిని

నిషేధం పెట్టాక జరిగేది ఇంకొకటి ఉంది మాస్టారూ, అనుమానం. నేను సొంతంగా రాసిన వ్యాసాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఇది యంత్రం రాసిందని మా అధ్యాపకులు ఒకరు తేల్చేశారు. చిత్తు ప్రతులు చూపించాక కూడా ముఖంలో నమ్మకం కనిపించలేదు. ఇంగ్లిష్ నాకు మాతృభాష కాదు, వ్యాకరణం తప్పు పోకుండా చిన్న వాక్యాలు, తెలిసిన పదాలతో రాస్తాను. అలా రాయడమే నేరమైపోయింది.

విద్యా పరిశోధకుడు

మీ అనుభవం కొత్తది కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను అటువంటి ఏడు సాఫ్ట్‌వేర్‌లకు ఇచ్చారు. మనుషులు రాసినవే అయినా సగటున 61 శాతం యంత్రం రాసినవని చెప్పాయి. పరిమితమైన పదజాలం, ఊహించగలిగే వాక్యం కనిపిస్తే అవి యంత్రం ఖాతాలో వేస్తాయి. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ కూడా సొంతంగా అటువంటి సాధనం ఒకటి పెట్టి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జులైలో తీసేసింది. తయారు చేసినవాళ్లే పట్టుకోలేనిది ఇంకెవరో పట్టుకుంటామంటే, దాని మీద ఒక విద్యార్థి భవిష్యత్తును పెట్టకూడదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మాయీ, నీ సంగతి విన్నాక ఆ సాఫ్ట్‌వేర్ల మీద నాకూ నమ్మకం పోయింది. కాగితం మీద నాకున్న నమ్మకం మాత్రం పోలేదు.

ఇద్దరు పిల్లల తల్లి

మీరంతా పెద్ద తరగతుల గురించి మాట్లాడుతున్నారు. మా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. వాడు ఫోనుతో మాట్లాడుతూ ఇంట్లో జరిగినవన్నీ చెప్పేస్తున్నాడు. “అది నా ఫ్రెండ్” అంటాడు. దీనికి వయసు హద్దు అంటూ ఏమైనా ఉందా?

లైబ్రేరియన్

యునెస్కో 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తరగతి గదిలో ఇటువంటి ఏఐతో స్వతంత్రంగా సంభాషించడానికి కనీస వయసు 13 ఉండాలని సూచించింది. అది సూచన మాత్రమే, దేశాలు చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. తొమ్మిదేళ్ల వాడి చేతికి విడిగా ఇవ్వకండమ్మా. మీ ఖాతాలో, మీ పక్కన కూర్చోబెట్టుకుని వాడనివ్వండి. పేరు, బడి, ఇంటి సంగతులు, ఫొటోలు అందులో పెట్టకూడదని వాడికి ఆటలా నేర్పండి. ఆ సంభాషణలను ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడుకోవద్దని ఆపే మీట చాలా వాటిలో సెట్టింగుల్లోనే ఉంటుంది.

విద్యా పరిశోధకుడు

దీనికి పక్కనే ఉన్న ఇంకో ప్రమాదం: కెమెరాతో ముఖం చూసి పిల్లవాడు శ్రద్ధగా ఉన్నాడా, విసుగ్గా ఉన్నాడా అని చెప్పే సాఫ్ట్‌వేర్లు. 2025 ఫిబ్రవరి 2 నుంచి ఐరోపా సమాఖ్య విద్యాసంస్థల్లో భావోద్వేగాలను పసిగట్టే ఏఐని నిషేధించింది, వైద్య, భద్రతా కారణాలకు మినహాయింపుతో. మార్కులు వేసే, ప్రవేశాలు నిర్ణయించే ఏఐని అధిక ప్రమాదం ఉన్నదిగా అదే చట్టం వర్గీకరించింది. ఇంగ్లండ్‌లో 2020లో పరీక్షలు రద్దయినప్పుడు గ్రేడ్లను గణన సూత్రంతో సవరించారు. దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్లు వేసినదానికంటే తగ్గాయి. వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపాక వెనక్కి తీసుకున్నారు. అది ఏఐ కూడా కాదు, మామూలు గణాంకం. యంత్రం తీర్పుకు వివరణ అడిగే దారి లేకపోతే ఏమవుతుందో చూశాం.

సాహిత్య అధ్యాపకురాలు

ఇందాక ఒక్క ముక్క అని ఊరుకున్నాను కానీ, వ్యాసరచన సంగతి ఎవరూ ఎత్తడం లేదు. లెక్కకు సూచన ఇస్తే విద్యార్థి చేయవలసిన పని ఇంకా మిగులుతుంది. వ్యాసానికి సూచన ఇస్తే మిగిలేది ఏమిటి? “ఈ కోణంలో మొదలుపెట్టు, ఈ మూడు విషయాలు రాయి” అని యంత్రం చెప్పాక విద్యార్థి చేసేది నకలు పని. ఏం చెప్పాలో తెలియక కాగితం ముందు కూర్చోవడం, రాసింది తనకే నచ్చక కొట్టేయడం, కొట్టేసినప్పుడు అసలు సంగతి తట్టడం, ఇదే కదా ఆలోచించడం. మా విద్యార్థుల వ్యాసాలు ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. ఒకదాని మీద ఇంకొకరి పేరు రాసినా తేడా తెలియదు. పూర్వం తప్పులతడకగా రాసేవాళ్లు, కానీ ఎవరిది ఎవరిదో చేతిరాత చూడకుండానే చెప్పగలిగేదాన్ని.

విద్యా పరిశోధకుడు

దానికీ ఆధారం ఉంది మేడమ్. 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఏఐ ఇచ్చిన ఆలోచనలతో రాసిన చిన్న కథలు, విడివిడిగా చదివితే మెరుగ్గా ఉన్నాయని పాఠకులు అన్నారు. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒకదాన్నొకటి ఎక్కువగా పోలి ఉన్నాయి.

ప్రోగ్రామర్

రాసేశాక చూపించి “ఇందులో బలహీనమైన వాదన ఏది” అని అడగవచ్చు కదా మేడమ్? అప్పుడు ఆలోచన విద్యార్థిదే.

సాహిత్య అధ్యాపకురాలు

రాసేశాక అన్న మాటకు కట్టుబడితే సరే. ఎంతమంది కట్టుబడతారో మీకూ తెలుసు. నేనైతే మొదటి చిత్తు ప్రతి తరగతిలోనే, చేత్తో రాయిస్తున్నాను. ఇంటికి వెళ్లి దాన్ని ఏఐకి చూపించుకోవచ్చు, అది ఏమందో, ఏ సలహా ఎందుకు కాదన్నారో కింద రాయాలి. కాదన్న సలహాకే మార్కులు ఎక్కువ.

డిగ్రీ విద్యార్థిని

ఇది బాగుంది మేడమ్. అయితే కాదనడానికి కూడా ఏఐనే కారణాలు అడుగుతారు.

సాహిత్య అధ్యాపకురాలు

అడుగుతారు. అందుకే ఒకరిద్దరిని లేపి ఆ కారణం నోటితో చెప్పమంటాను.

లెక్కల టీచర్

ఇంత చెప్పారు కాబట్టి నేను చేయబోయేది రాస్తాను, తప్పులుంటే చెప్పండి. హోంవర్కుకు మార్కులు పూర్తిగా తీసేస్తున్నాను. ఏఐ వాడుకోవచ్చు, ఎలా వాడుకోవాలో నేనే చూపిస్తాను: ముందు సొంత ప్రయత్నం, ఆగిపోయిన చోటు వరకు రాసింది అందులో పెట్టి “జవాబు చెప్పవద్దు, తర్వాతి మెట్టుకు ఒక్క సూచన ఇవ్వు” అని అడగాలి. వారం తిరగకముందే అదే రకం లెక్క తరగతిలో, కాగితం మీద. మార్కులు దానికే. ఇంకొకటి, ఏఐ చేసిన తప్పు సాధనలు నేనే ఏరి తెచ్చి, తప్పు ఎక్కడుందో పట్టమంటాను.

విద్యా పరిశోధకుడు

వారం విరామం ఇవ్వడం మంచి ఆలోచన, వెంటనే పెడితే వాపే కొలిచినట్టవుతుంది. తప్పు సాధనలు మాత్రం విషయం కొంత వచ్చినవాళ్లకే ఇవ్వండి. ఏమీ రానివాళ్లకు ఆ తప్పే మనసులో నాటుకునే ప్రమాదం ఉంది.

డిగ్రీ విద్యార్థిని

బోర్డు దగ్గరికి పిలవడం తగ్గించండి మాస్టారూ. లెక్క వచ్చినా అందరి ముందు చెప్పలేనివాళ్లు ఉంటారు.

లెక్కల టీచర్

సరేనమ్మా, బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని అడుగుతాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అంతా బాగానే ఉంది. మార్కులు లేకపోతే హోంవర్కు ఎవరు చేస్తారు?

లెక్కల టీచర్

చేయనివాళ్లు ఇప్పుడూ చేయడం లేదండీ, వాళ్ల పేరు మీద ఇంకెవరో చేస్తున్నారు. నేను దిద్దుతున్నాను. ఆ దిద్దే సమయం మిగిలితే రోజుకు కొందరినైనా పక్కన కూర్చోబెట్టుకోగలను. మొదటి యూనిట్ పరీక్ష అయ్యాక ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఇక్కడే రాస్తాను.